ఆ మూడు రోజుల నడుంనొప్పి

పొద్దున్నే అత్తగారు ఆస్పత్రికి సంచి సర్దుతోంది. తువ్వాలు, దుప్పటి, ఫ్లాస్కు, కోడలికి మార్చుకోవడానికి బట్టలు. ఇద్దరు పిల్లలు చాలనుకున్నాక ఆపరేషన్ అంటే ఆడదానికేనన్నది ఆమె లెక్క. ఎవరికని ఆమె అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

కోడలు చంటిదాన్ని నిద్రపుచ్చి వచ్చి సంచిలోకి చూసింది.

"నా బట్టలెందుకత్తయ్యా?"

"సాయంత్రానికి మార్చుకోవా?"

"ఆపరేషన్ నాకు కాదు. ఆయనకి."

ఫ్లాస్కు మూత బిగిస్తున్న అత్తగారి చెయ్యి ఆగింది. అప్పుడే కొడుకు తల తుడుచుకుంటూ స్నానాల గదిలోంచి వచ్చాడు. మామూలు రోజైతే ఈపాటికి గోడౌన్లో గ్యాస్ బండలు వ్యానుకి ఎక్కిస్తూ ఉండేవాడు.

"ఏరా, నిజమేనా?"

"చిన్నదేనమ్మా. మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తా."

రెండో కాన్పులో కోడలికి బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. కడుపు కోసి పిల్లను తీశారు. ఇంకో గర్భం వద్దని డాక్టరమ్మ మొగుడూ పెళ్లాలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. బీపీ ఉంది కాబట్టి అంతకుముందు వాడిన మాత్రలు ఇక వాడకూడదంది. పెద్దవాడు పుట్టాక కాపర్-టీ వేయించుకుంటే రక్తం ఎక్కువ పోయి తీయించేసుకోవాల్సి వచ్చింది. మిగతా దారులు కూడా చెప్పి, చివర్లో డాక్టరమ్మ అతని వైపు తిరిగి, "ఆమెకి మళ్లీ కోత కంటే మీరు చేయించుకోవడం తేలిక" అంది. ఇంటికొచ్చే దారిలోనే అతను సరేనన్నాడు. అమ్మకు చెప్పడం మాత్రం రేపు, రేపు అంటూ ఇవాళ్టిదాకా తెచ్చాడు.

"బండలు మోసేవాడివిరా నువ్వు. అది చేయించుకున్నాక బరువెత్తగలవా? మగాడు సగమైపోతాడంటారు."

"ఎవరంటారమ్మా?"

"అందరూ."

"వారం రోజులు బరువులెత్తొద్దన్నారు. అంతే."

"డాక్టరమ్మకేం, కుర్చీలో కూర్చుని చెబుతుంది. మోసేది ఆవిడా?" అని ఆమె కోడలి వైపు తిరిగింది. "నువ్వైనా వద్దనొద్దూ? ఆడవాళ్లందరూ చేయించుకోవట్లా? నీ ఒక్కదానికే వచ్చిందా?"

"నాకు భయంగా ఉందత్తయ్యా. పిల్లను తీశాక రెండ్రోజులు నాకు తెలివి లేదు. మళ్లీ ఆ ఆపరేషన్ బల్ల ఎక్కలేను."

"భయం లేని ఆడదెవరు?"

కొడుకు కుర్చీలో కూలబడ్డాడు. "పోనీ, ఇంకో నెల ఆగి చూద్దామా?" అన్నాడు నేల చూస్తూ.

వాయిదా అంటే మానేయడమేనని కోడలికి తెలుసు. మొగుడి మొహం చూసింది, అత్తగారి మొహం చూసింది. "వద్దులెండి. నేనే చేయించుకుంటా" అని సంచి అందుకుంది.

"సంచి కింద పెట్టమ్మా."

అన్నది మావగారు. గుమ్మం దగ్గర అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు. కొడుకు చేసే పనే ఆయనా ముసలితనం దాకా చేశాడు.

"ఏమే, నేను బండలు ఎలా మోసేవాణ్ని?"

"మధ్యలో నీ గోలేంటి?"

"చెప్పు."

"నిండు బండ భుజాన పెట్టుకుని నాలుగో అంతస్తుకి ఆగకుండా ఎక్కేవాడివి. నీలాంటి మోతగాడు ఆ గోడౌన్లో ఇంకొకడు లేడు. అయితే ఏంటట?"

"మన అమ్మాయి పుట్టిన ఏడాదే నేను ఆ ఆపరేషన్ చేయించుకున్నా. ఆ మోతంతా దాని తర్వాతదే."

కొడుకు తలెత్తాడు.

"ఎప్పుడు?" అంది అత్తగారు.

"నడుం పట్టేసిందని మూడు రోజులు పడుకున్నా చూడు, అప్పుడు."

"నేను వేడినీళ్ల కాపడం పెట్టానే."

"పెట్టావు. నడుముకి పెట్టావు. నొప్పి అక్కడ లేదు."

కోడలు నవ్వాపుకోలేక మొహం పక్కకు తిప్పుకుంది. అత్తగారు నవ్వలేదు.

"ఇన్నేళ్లూ నా కడుపే ఎండిపోయిందనుకున్నా. మీ అమ్మ నన్ను గొడ్డుపోయిందంటే నోరు మూసుకుని పడ్డా. నువ్వు పక్కనే కూర్చుని విన్నావు."

"ఇంకోసారి ఆ మాటంటే ఇల్లు వదిలిపోతానని మా అమ్మతో అన్నది నేనేగా."

"అదన్నావు. అసలుది అనలేదు."

"అంటే ఆగేదానివా? నీ నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దుగూకేసరికి వీధంతా తెలిసేది."

"వీధికి చెప్పకు. నాకు చెప్పకూడదా?"

ఆయన మిగిలిన గడ్డం గీసుకుని, మొహం కడుక్కుని వచ్చి గుమ్మంలో కూర్చున్నాక మాట్లాడాడు.

"అమ్మాయి పుట్టినప్పుడు నర్సు నీ బట్టలు తెచ్చి నా చేతికిచ్చింది. ఏమీ చెప్పకుండా పోయింది. నువ్వు పోయావనుకున్నా. అవి పట్టుకుని గోడకి ఆనుకుని కూర్చున్నా. తర్వాత డాక్టరొచ్చి బతికిందన్నాడు. ఇంకో కాన్పంటే మాత్రం చెప్పలేనన్నాడు. నీ ఒంట్లో రక్తం లేదు, కోత తట్టుకోదన్నాడు. మరి మిగిలింది నేనేగా."

అత్తగారు నిలబడే ఉంది. ఆ కాన్పు తర్వాతే ఆమె కూతురికి జడ వేసి బడికి పంపింది. కొడుకు పెళ్లి చేసింది. మొన్న ఆస్పత్రి వరండాలో మనవరాలిని అందరికంటే ముందు చేతుల్లోకి తీసుకుంది. గట్టి ఒళ్లు కాబట్టి బతికానని ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకుంది.

ఆమె వంగి సంచిలోంచి కోడలి బట్టలు తీసింది. కొడుకు వదులు పైజామా మడతపెట్టి లోపల పెట్టింది.

"లేరా. టైమవుతోంది. వారం లోపు బండ ముట్టుకున్నావో, కాళ్లు విరగ్గొడతా." తర్వాత కోడలిని అడిగింది. "అయ్యాక ఇక భయం లేనట్టేనా?"

"వెంటనే కాదత్తయ్యా. మూడు నెలలు పోయాక పరీక్ష చేస్తారు. అది బాగుందనే దాకా మేం వేరే జాగ్రత్త పడాలి."

"పడండి. నాకు మాత్రం వివరాలు చెప్పకండి. నా నోరు మంచిది కాదట."

ఈసారి కోడలు పైకే నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. అత్తగారు ఆమె తల మీద చెయ్యి వేసింది. "భయమేస్తోందని చెప్పావు. నేనే విననట్టు మాట్లాడా. ఇంకెప్పుడైనా అలా చేస్తే గట్టిగా చెప్పు."

గుమ్మం దాటుతూ కోడలు మావగారి దగ్గర ఆగింది. "మీరు నోరు విప్పకపోతే ఇవాళ ఆ బల్ల మీద నేనుండేదాన్ని మావయ్యా."

"వెళ్లిరా తల్లీ. వాణ్ని బండి నడపనివ్వకు, ఆటోలో రండి."

వాళ్లు వెళ్లాక చంటిది లేచింది. పెద్దవాడు బడికి పోయాడు, ఇంట్లో ఇంకెవరూ లేరు. అత్తగారు పిల్లను ఎత్తుకుని వచ్చి ఆయన పక్కన గుమ్మంలో కూర్చుంది. చాలాసేపు వీధిలోకి చూసింది.

"ఏమయ్యా."

"ఊఁ."

"బాగా నొప్పెట్టిందా?"

ఆయన ఆలోచించాడు. "అది గుర్తు లేదే. మూడో రోజు లేచి బయటికొస్తే నువ్వు పిల్లనెత్తుకుని ఎండలో నిలబడున్నావు. కాన్పు నుంచీ నాలుగడుగులేస్తే కూలబడేదానివి, అంతసేపు నిలబడ్డం అదే మొదలు. అది గుర్తుంది."

ఆమె కళ్లు తుడుచుకోలేదు. రెండు చేతుల్లోనూ పిల్ల ఉంది.