ఎర్ర బోర్డు వైపు

అల్లుడు తుడిచిన బూట్లనే మళ్ళీ తుడుస్తున్నాడు. ఫర్నిచర్ షాపు వ్యాను నడిపే మనిషికి అద్దంలా మెరిసే బూట్లతో పనేమిటో ఆయనకే తెలియాలి. ముందుగదిలో భార్య ఎవరివో కర్టెన్లకు మిషను మీద అంచులు కుడుతోంది. అత్తగారు మంచం మీద కొత్త దుప్పటి పరచి, ముడత కనిపించిందని లాగేసి, మళ్ళీ పరుస్తోంది. విదేశంలో నర్సుగా పని చేస్తున్న చిన్నకూతురు ఆ మధ్యాహ్నం విమానం దిగబోతోంది. ఇంట్లో ఎవరి కాలూ ఒకచోట నిలవడం లేదు.

"నా గాజులు వేసుకుని వెళ్ళింది, వేసుకునే వస్తోంది," అంది అత్తగారు. "పరాయి దేశంలో ఏ కష్టం వచ్చినా వాడుకోవే అని చెప్పి మరీ తొడిగాను. ఫోన్లో కనిపించినప్పుడల్లా చేతులకి అలాగే ఉన్నాయి. గట్టి పిల్ల."

"గట్టిది కాక? పోలిక ఎవరిదమ్మా," అంది పెద్దకూతురు మిషను మీది నుంచి తల ఎత్తకుండా.

అల్లుడు నవ్వబోయి మానుకున్నాడు. అంతలో ఫోను మోగింది. చేతులకు పాలిష్ ఉండడంతో చిటికెనవేలితో స్పీకరు నొక్కాడు. అదే ఆయన కొంప ముంచింది.

"ఏమయ్యా, మీ మరదలు విమానం ఎక్కిందా?" షాపు యజమాని గొంతు గది నిండా పరచుకుంది. "అక్కడున్న మా తమ్ముడు గొలుసు ఆ అమ్మాయి చేతికే ఇచ్చాడట. మెడలో వేసుకుని దర్జాగా నడిచి వచ్చేయమన్నావు కదా? సాయంత్రానికి అది నా టేబులు మీద ఉండాలి."

కుట్టుమిషను ఆగిపోయింది.

"ఏం గొలుసండీ?" అంది భార్య.

"ఏదో చిన్న గొలుసు."

"చిన్నదానికి ఆయన పొద్దున్నే ఫోను చేసి ఆరా తీస్తాడా?"

అల్లుడు బూట్లు పక్కన పెట్టాడు. "కాస్త బరువైనదేలే. సంచిలో ఉంటే సరుకు, ఒంటి మీద ఉంటే నగ. నగకి ఎవరూ ఏమీ అడగరని ఆయనే చెప్పాడు."

"ఆయన చెప్పాడు, మీరు గంగిరెద్దులా తలూపారు. రేపు దాన్ని పట్టుకుంటే ఆయన వస్తాడా? కేసు పెడితే దాని ఉద్యోగం ఏం కాను?"

"కాదంటే వ్యాను తాళాలు అక్కడ పెట్టి పొమ్మంటాడే. ఇల్లు గడవద్దూ?"

"ఇల్లు గడవడానికి నా చెల్లెలి మెడ దొరికిందా మీకు?"

ఆయన పాలిష్ చేతులతోనే ఫోను అందుకున్నాడు. మరదలికి ఫోను చేస్తే ఆపి ఉంది. పిల్ల మబ్బుల్లో ఎక్కడో ఉంది. భార్య కస్టమ్స్ వాళ్ళ నిబంధనలు ఫోన్లోనే వెతికి పైకి చదవడం మొదలుపెట్టింది. ఇంత బరువు దాకా బంగారానికి సుంకం లేదు. దాటితే ఎర్ర బోర్డు ఉన్న వైపు వెళ్ళి, చూపించి, సుంకం కట్టాలి. చూపించకుండా ఆకుపచ్చ బోర్డు కింద నుంచి వెళ్ళిపోతే నగ జప్తు, పైన కేసు. ఒంటి మీద ఉన్నా సరే లెక్కలోకి వస్తుంది. "ఇక్కడి నుంచి వేసుకెళ్ళిన పాత నగలకు, వెళ్ళే రోజే చూపించి కాగితం తీసుకుని ఉండాలి," అని చదివి ఆమె ఆగింది.

అత్తగారు దుప్పటి వదిలేసింది. "నా గాజులకి కూడానా? లోపలికి వెళ్ళిపోతుంటే గుమ్మం దగ్గర గబగబా తొడిగానే. కాగితం అని నాకు ఎవరు చెప్పారు?"

అరగంటకే ముగ్గురూ వ్యానులో ఉన్నారు. విమానాశ్రయంలో అత్తగారు ఒక కుర్చీలో కూర్చుని, పక్క కుర్చీలో తన సంచి పెట్టింది. అల్లుడికి అర్థమైంది. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

జనం సామాన్ల ట్రాలీలతో వస్తూనే ఉన్నారు. మరదలి జాడ లేదు. ఆమె విమానంలో వచ్చినవాళ్ళు కార్లెక్కి వెళ్ళిపోయారు కూడా. అల్లుడు తలుపు దాకా వెళ్ళి, గార్డు వెనక్కి పొమ్మంటే వచ్చి, మళ్ళీ వెళ్ళాడు. తన పెళ్ళిలో బూట్లు దాచి నానా తిప్పలు పెట్టిన పిల్ల. జీతం అందగానే "బావా, నీకేం కావాలి?" అని అడిగిన పిల్ల. అలాంటిదాన్ని ఏ గదిలో నిలబెట్టి ప్రశ్నలు వేస్తున్నారో.

చివరికి మరదలు బయటకు వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. అత్తగారు పరుగున వెళ్ళి కూతురి చేతులు పట్టుకుంది. చేతులు బోసిగా ఉన్నాయి.

"గాజులేవే?"

"లోపల కస్టమ్స్ వాళ్ళ దగ్గర ఉన్నాయమ్మా. పద, కూర్చుని చెప్తాను." కూర్చుంది. "నేనే ఎర్ర బోర్డు వైపు వెళ్ళి అన్నీ బల్ల మీద పెట్టాను. గాజులకి కాగితం ఏదన్నారు. లేదన్నాను. అవీ గొలుసూ కలిపి సుంకం వేశారు. రెంటికీ కట్టే డబ్బు నా దగ్గర లేదు. గొలుసుకి కట్టాను, గాజులు వదిలేసి రసీదు తెచ్చుకున్నాను. సుంకం కడితే ఇచ్చేస్తామన్నారు."

"ఆ మాయదారి గొలుసు వదిలేయాల్సింది," అంది అక్క కోపంగా.

"మనది పోతే మనం ఏడుస్తాం అక్కా. ఆ షాపాయనది పోతే బావని ఏడిపిస్తాడు." తర్వాత తల్లి వైపు తిరిగింది. "ఏ కష్టం వచ్చినా వాడుకోమన్నావు కదమ్మా. అక్కడ నాకు ఏ కష్టమూ రాలేదు. ఇక్కడ బావకొచ్చింది. వాడాను."

అత్తగారు కూతురి మణికట్టు మీద గాజులు ఒరుసుకుని పడ్డ మచ్చను బొటనవేలితో నిమురుతూ ఉండిపోయింది. అల్లుడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. మరదలి ముందు కన్నీళ్ళు పెడితే నామోషీ ఏమిటి, ఆ నామోషీ పొద్దున్నే అయిపోయింది. ఫోను తీసి, ఈసారి కావాలనే స్పీకరు నొక్కాడు.

"వచ్చిందా?" అంది యజమాని గొంతు.

"గొలుసు వచ్చిందండీ. దాని సుంకం మా మరదలు కట్టింది, రసీదు ఉంది. చేతిలో ఉన్న డబ్బు దానికే సరిపోయి మా అత్తగారి గాజులు లోపల వదిలేసి వచ్చింది. మీరు ఆ సుంకం డబ్బు తీసుకుని ఇక్కడికే రండి. గొలుసు తీసుకెళ్ళండి."

"నాకే షరతులు పెడుతున్నావా? నీ ఉద్యోగం సంగతి గుర్తుందా?"

"గుర్తుందండీ. వ్యాను బయటే ఉంది. తాళాలు కావాలంటే అవీ ఇస్తాను." తాళాలు జేబులోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. "గాజులు తీసుకోకుండా మేం ఇంటికి వెళ్ళం."

యజమాని ఏదో గొణిగాడు. తర్వాత, "వస్తున్నా, అక్కడే ఉండు," అని ఫోను పెట్టేశాడు.

వచ్చి ఏమంటాడో, తాళాలు అడుగుతాడో లేదో ఎవరికీ తెలియదు. భార్య ఆయన మొహంలోకి చూసి, కొంగు చివర అందించింది. అత్తగారు పక్క కుర్చీలోని సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"వచ్చినప్పటినుంచి నిలబడే ఉన్నావు," అంది. "కూర్చో బాబూ."