సీసాలో ఊపిరి

సున్నివా రొట్టె మీద జున్ను గీకి వేస్తుంటే నేలమాళిగలో ఎవరో నిట్టూర్చారు.

అత్తగారు ఎల్డ్రిడ్ ఎదురుగానే కూర్చుని కాఫీ ఊదుకుంటోంది. సున్నివా భర్త చేపల పడవ మీద ఉన్నాడు. ఇంట్లో మరో మనిషి లేడు.

"విన్నారా అత్తయ్యా?"

"విన్నాను. మీ మామయ్య సీసా. ఈస్ట్ మేలుకుంటోంది" అంది ఎల్డ్రిడ్, వాన వచ్చేలా ఉందన్నంత మామూలుగా. "క్రిస్మస్ బీరు ఈరోజే కాద్దాం."

మామగారు హల్వర్ వసంతంలో పోయాడు. ఆయన చివరిసారి కాచిన బీరు అడుగున మిగిలిన మడ్డి ఆ సీసాలో ఉంది. తాతల నాటి నుంచి ఆ ఇంటి బీరంతా ఆ ఈస్ట్‌తో పొంగిందే. ఎండబెట్టి దాచింది కాస్తా పోయిన చలికాలం బూజు పట్టింది. ఇక మిగిలింది ఆ ఒక్క సీసానే. దాన్ని ఎల్డ్రిడ్ ఇంతవరకూ కోడలి చేతికి ఇచ్చింది లేదు.

"నేను బీరు వడకట్టడానికి జునిపర్ చెట్టు కొమ్మలు కోసుకొస్తా. కడిగితే ఈస్ట్ బాగుంటుందని పెళ్లైన దగ్గర్నుంచీ నా చెవిలో పోరుతున్నావుగా, కడుగు. నీళ్లు మాత్రం బాగా చల్లారనివ్వు."

సున్నివాకు ఆ పని తెలుసు. మరిగించి చల్లార్చిన నీళ్లు మడ్డిలో పోసి కుదపాలి. కాసేపాగితే పొట్టూ ఆకూ అడుక్కి దిగుతాయి. పైన పాలలాంటి నీళ్లలో ఈస్ట్ నిలుస్తుంది. దాన్ని శుభ్రమైన సీసాలోకి వంచుకోవాలి.

నీళ్లు కాచి, అక్కడే చల్లార్చుదామని గిన్నె పట్టుకుని నేలమాళిగలోకి దిగింది. అంత చలిలో నిద్రపోవలసిన సీసా మూత మెల్లగా లేచి పడుతోంది. ఆమె వంగింది. నిట్టూర్పు ఈసారి చెవి పక్కనే వినిపించింది. చివర్లో చిన్న దగ్గు. మంచాన పడ్డప్పుడు హల్వర్ దగ్గిన దగ్గే అది.

ఆమె గిన్నె ఎత్తింది. ఆగమని బుద్ధి చెబుతున్నా, పొగలు కక్కుతున్న నీళ్లు అలాగే సీసాలో పోసేసింది. సీసాలో ఊపిరి ఠక్కున ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్న మరుక్షణం, వేడికి ఈస్ట్ చచ్చిందని తెలిసి మెట్ల మీద కూలబడింది.

ఎల్డ్రిడ్ వచ్చి సీసాకు చెవి ఆనించింది. చాలాసేపు ఆనించే ఉంచింది.

"ఏం చేశావే?"

"భయమేసింది అత్తయ్యా. నీళ్లు చల్లారకముందే..."

"భయమా? పందొమ్మిదేళ్లకే ఈ ఇంటికొచ్చాను, నాకెప్పుడూ భయం వెయ్యలేదే! ఆయన్ని ఒకసారి పాతిపెట్టాం. నువ్వు రెండోసారి పాతిపెట్టావు."

"అవతలి ఒడ్డున వదిన దగ్గర ఇదే ఈస్ట్ ఉందిగా. నేను వెళ్లి అడుగుతాను."

"ఆ దొంగ దగ్గరా? నా గడపలోంచి దొంగిలించి పట్టుకుపోయిన దాన్ని, నేను చెయ్యి చాచి అడుక్కోవాలా?"

ఆ వదిన ఆస్లౌగ్, ఎల్డ్రిడ్ కూతురే. తల్లికి నచ్చనివాణ్ని చేసుకుని వెళ్లిపోతూ, చెప్పకుండా ఒక సీసా ఈస్ట్ పట్టుకెళ్లింది. తండ్రి అంత్యక్రియల్లో కూడా చర్చి వెనక వరసలోనే నిలబడి వెళ్లిపోయింది.

ఎల్డ్రిడ్ మొండిగా, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ మాల్టు కాచింది. గోరువెచ్చనయ్యాక ఆ చచ్చిన ఈస్ట్‌నే తొట్టిలో పోసింది. పోసేటప్పుడు గొంతు చించుకుని అరవాలి, లేకపోతే కంటికి కనబడనివి వచ్చి ఈస్ట్‌ను ఎత్తుకుపోతాయి. ఇన్నాళ్లూ ఆ కేక హల్వర్‌ది. ఆమె తలుపు బార్లా తెరిచి అరిచింది. గొంతు మధ్యలోనే చిట్లింది.

కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, ఆ ఫియోర్డ్ నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి. అవతల్నుంచి కేక వచ్చింది. ప్రతిధ్వని కాదు. లోతైన మగగొంతు, నిండుగా, తీరిగ్గా.

"అత్తయ్యా, అది..."

"పడవ తియ్యి" అంది ఎల్డ్రిడ్. ఆమె పెదవులు తెల్లగా పాలిపోయాయి.

ఇద్దరూ తెడ్లు వేశారు. అవతల రేవులో ఆస్లౌగ్ పడవ తాడు విప్పుతూ కనిపించింది. ఆమె మొహంలోనూ నెత్తురు చుక్క లేదు.

"అరిచింది నీ మొగుడా?" పడవలోంచే అడిగింది ఎల్డ్రిడ్.

"ఆయన ఊళ్లోనే లేడు. కేక మీ ఒడ్డు నుంచే కదమ్మా వచ్చింది! నాన్న గొంతు. నీకేదో అయిందని బయల్దేరాను."

 నీళ్లు రేవు రాళ్లను నాకుతున్నాయి.

"వదినా, తప్పు నాది. ఇంటి ఈస్ట్ నా చేతుల్లో చచ్చిపోయింది" అంది సున్నివా.

ఆస్లౌగ్ తల్లి వైపు చూసింది. "నా దగ్గర బతికే ఉంది. కానీ దొంగసొత్తు. తీసుకుంటావా?"

"దొంగవే" అంది ఎల్డ్రిడ్. పడవ దిగబోయి తూలి కూతురి భుజం పట్టుకుంది, మళ్లీ వదల్లేదు. "నువ్వు దొంగవి కాకపోయుంటే ఈరోజు నాకేం మిగిలేదే తల్లీ!"

ఆస్లౌగ్ ఏడుస్తూ తల్లిని పట్టుకుంది. కాసేపటికి ఎల్డ్రిడ్ ఒక చెయ్యి వెనక్కి చాచి సున్నివాను కూడా దగ్గరికి లాక్కుంది.

ఆ తర్వాత ఆమె నీళ్ల వైపు తిరిగింది. అక్కడ ఎవరూ లేరు.

"ఇక చాల్లే, పడుకో" అంది మెల్లగా. "పిల్ల దొరికింది."