గేర్‌బాక్సులో పాలకాఫీ

మదనపల్లెలో డిటెక్టివ్ సుభద్రమ్మ ఆఫీసు తలుపు తీసేసరికే గిరిబాబు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. అతనికి పుంగనూరులో కార్ల షెడ్డుంది. ఎనిమిది రోజుల కిందట చెంగయ్య అనే రైతు కారుకు గేరాయిల్ మార్చాడు. ఇప్పుడు గేర్లు గరగరమంటున్నాయి. విప్పితే ఆయిల్ పాలకాఫీలా దిగింది. గిరిబాబే నీళ్లు కలిపి పోశాడని చెంగయ్య ఊరంతా చాటుతున్నాడు.

"కుప్పం భీమరావు సార్ బడి వ్యాన్లు నాలుగూ నాకే ఇస్తానన్నాడమ్మా. ఇది విని, ఈ పొద్దు వచ్చి తేలుస్తానంటాండాడు. అవి పోతే షెడ్డు మూసుకోవల్సిందే."

సుభద్రమ్మ దోసెపెనం, పొయ్యి సర్దమంది. మధ్యాహ్నం దోసెలు కాబోలనుకుంది అసిస్టెంటు హరిత. ఆరేళ్లయినా ఈవిడ ఎప్పుడేం అడుగుతుందో ఆమెకు అంతుపట్టలేదు. ఆవిడంటే గౌరవం కూడా అందుకే.

పుంగనూరులో సుభద్రమ్మ కుచ్చిళ్లు దోపుకుని, టార్చితో కారు కిందికి దూరింది. గేర్‌బాక్సు నెత్తిన గాలాడేందుకు చిన్న గొట్టం. దాని పక్కనే ఎండిన పాచి, ఒక నత్తగుల్ల. రెంటినీ పొట్లం కట్టింది.

అంతలో చెంగయ్య వచ్చాడు. ఆదివారం భీమరావు గృహప్రవేశానికి కుప్పం పోయి, సాయంత్రానికి వచ్చి, కారును శుభ్రంగా కడిగి పెట్టానన్నాడు. గేర్ల గోల సోమవారం మొదలైందట. సుభద్రమ్మ ఎద్దుల సంగతెత్తింది. హరిత తెల్లబోయింది. చెంగయ్య మాత్రం పొంగిపోయాడు.

"రెండుండె. అవి అమ్మే ఇది కొన్యా. వాటి మాదిరే దీన్నీ నేనే సూసుకుంటా. కడిగేటప్పుడు ఎవురినీ ముట్టనియ్యను."

భీమరావు వచ్చి దిగాక సుభద్రమ్మ అందరినీ పొయ్యి చుట్టూ నిలబెట్టింది. కాలిన పెనం మీద కారులోంచి దించిన ఆయిల్ చుక్క వేస్తే చిటపటలాడింది. ఆ రోజు పోయగా గిరిబాబు డబ్బాలో మిగిలిన ఆయిల్ వేస్తే కిక్కురుమనకుండా పొగైపోయింది.

"నీళ్లు డబ్బాలో లేవు. తర్వాత చేరినాయి. సార్, కుప్పంలో ఈ కారెట్ల ఉండె?"

గృహప్రవేశం నాడు పూలు తెచ్చేందుకు తానే నడిపానని, గేర్లు వెన్నలా పడ్డాయని భీమరావు ఒప్పుకున్నాడు.

"అంటే కుప్పం నించి వచ్చినాక." సుభద్రమ్మ పొట్లం విప్పింది. "కొళాయిలో నత్తలు రావు గదా. అన్న వస్తానే కారును కడిగేదానికి సీదా వంక నీళ్లలోకి దింపినాడు. కాలిపోయే గేర్‌బాక్సు చన్నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుంటాది. ఆ గొట్టంతో నీళ్లు పీల్చుకుంటాది."

చెంగయ్య ఏదో అనబోయాడు.

"అన్నా, మూడు గంటలు పరిగెత్తిన ఎద్దును వస్తానే నీళ్లలోకి దింపుతావా?"

"యాడన్నా దింపుతారామ్మా. చెమట ఆరాల గదా."

"మరి దీని మీద ఆ దయ ఏల లేకపాయె?"

చెంగయ్య బానెట్టును రెండుసార్లు నిమిరాడు. చాటిన నోటితోనే తప్పు నాదేనని ఊరంతా మళ్లీ చాటుతానన్నాడు. భీమరావు గిరిబాబు భుజం తట్టి, వచ్చే సోమవారం నాలుగు వ్యాన్లూ వస్తాయన్నాడు. గిరిబాబు మొహం దీపావళైంది.

సుభద్రమ్మ పెనం అతని చేతిలో పెట్టింది. "ఉంచుకోప్పా. ఈసారి ఎవురన్నా అంటే మదనపల్లె దాకా రానక్కర్లేదు."

దోసెలు మాత్రం హోటల్లోనే తిన్నారు. హరితకు అదీ గెలుపే.