భయానికి తరుగు లేదు

మెడలోని కంఠి పచ్చగా వెలిగేదాకా సొరంగం తలుపు తెరుచుకోదు. ఎస్తేరు కళ్లు మూసుకుని, నాలుకను అంగిలికి ఆనించి, ఊపిరి నెమ్మదిగా వదిలింది. మెడ చుట్టూ ఉన్న చల్లటి లోహపు పట్టీ ఆమె గుండెను కాసేపు విని, పచ్చబడింది.

"ప్రశాంతత నమోదైంది. ఈ పూట తరుగు మొదలైంది," అంది పైనుంచి తూనిక, ఖైదీల గుండెల లెక్క చూసే యంత్రం.

ఆమె వెనకే నాంచారమ్మ, తర్వాత మిగతా ఆడఖైదీలు ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. కడలిగోడ కడుపులో తవ్విన సొరంగం అది. ఒకపక్క సముద్రం. రెండోపక్క, సముద్రం కన్నా పల్లంలో, దిబ్బపాలెం ఊరు. గోడ అతుకుల్లో పేరుకున్న ఉప్పును గీకి బంక పట్టించడం వీళ్ల పని. అయితే పని చేసినందుకు తరుగు రాదు. పని చేస్తున్నంతసేపూ గుండె నిబ్బరంగా ఉంటేనే వస్తుంది, ఆ మేరకు శిక్ష తగ్గుతుంది. గుండె అదిరితే ఆ పూట తరుగు పోతుంది. భయాన్ని నోటితో పైకి అని పక్కవాళ్లకు అంటిస్తే అది భయవ్యాప్తి. అప్పటిదాకా సంపాదించుకున్నదంతా పోతుంది.

ఎస్తేరుకు ఈ పూట గడిస్తే చాలు. తమ పేటకు నీళ్లు ఆపేసిన ఎండాకాలంలో, మంచినీటి తూము తాళం పగలగొట్టినందుకు పడిన శిక్ష ఇవాళ్టితో తీరిపోతుంది. కూతురు కెజియా పొద్దున్నే వచ్చి గోడ కింద, జైలు గేటు దగ్గర అరుగు మీద కూర్చుని ఉంటుంది. చీర తెస్తానని కబురు పంపింది; గుండె అదురుతుందని ఇన్నాళ్లూ ఎస్తేరు దాన్ని చూడ్డానికి రానివ్వలేదు.

"దాని గురించి తలుచుకోబాకే," అంది నాంచారమ్మ ఆమె మొహం చూసి. "సంతోషమొచ్చినా గుండె పరిగెత్తుద్ది. పిండి రుబ్బుతున్నాననుకో. చెయ్యి తిరగతా ఉండాల, అంతే."

ఎస్తేరు తలూపి గీకుడుబిళ్ల అందుకుంది. కాసేపటికి అరచేయంత ఉప్పు పెళ్ల ఊడి పడింది. దాని వెనకనుంచి నీళ్లు చిమ్మి ఆమె మణికట్టును కొట్టాయి. సన్నటి ధార, కానీ దెబ్బలా తగిలింది. నీళ్లతో పాటు ఇసక, సిమెంటు నలుసులు వచ్చాయి. ఆమె చూస్తుండగానే అతుకు మరికాస్త నోరు తెరిచింది.

నాంచారమ్మ చూసింది. అవతల ఉన్నవాళ్లూ చూశారు. ఎవరూ చెయ్యి ఆపలేదు. అందరి బిళ్లలూ ఒకే లయలో గీకుతూనే ఉన్నాయి.

"మేడమ్, చెమ్మ ఉందండీ," అని పిలిచింది ఎస్తేరు. తూనిక ఒప్పుకునే మాట అదొక్కటే.

పర్యవేక్షకురాలు రత్నకుమారి నిచ్చెన దిగి వచ్చింది. ఆమె మెడలోనూ కంఠి ఉంది. పర్యవేక్షకులకు ప్రమోషన్లు వచ్చేదీ దాని లెక్క మీదే. అతుకు మీద చెయ్యి పెట్టి, చటుక్కున తీసేసింది.

"చెమ్మే. గోడ భద్రంగా ఉందని తూనిక చెబుతోంది. పని చూసుకోండి."

"తూనికకు ఎట్టా తెలుసమ్మా?" అంది ఎస్తేరు.

రత్నకుమారి అటూ ఇటూ చూసింది. గొంతు తగ్గించింది. "గోడలో పెట్టిన యంత్రాల్ని ఉప్పు ఎప్పుడో తినేసింది. మళ్లీ పెట్టలేదు. లోపల మనుషులున్నారుగా, గోడకేమన్నా అయితే ముందు వాళ్ల గుండెలే చెబుతాయి అన్నారు పైవాళ్లు."

"మా గుండెలు చెప్పవు కదమ్మా," అంది నాంచారమ్మ.

రత్నకుమారి నిచ్చెన వైపు నడిచింది.

ఎస్తేరుకు అప్పుడు అర్థమైంది. తామిక్కడ నిబ్బరంగా ఉన్నంతసేపూ ఊళ్లో సైరన్ మోగదు. భయపడాలి. భయపడదామనుకుంది. రాలేదు. నీళ్లు పాదాల మీదికి వచ్చినా ఊపిరి దానంతటదే నెమ్మదిస్తోంది. కంఠి పచ్చగానే ఉంది. లోపల తన గుండె ఎవరి మాటో విని బుద్ధిగా పడుకుని ఉంది.

ఇన్నాళ్లూ తలుచుకోకూడనిదాన్ని అప్పుడు తలుచుకుంది. అరుగు మీద కెజియా. అమ్మ కోసం తెచ్చిన చీర ఒళ్లో పెట్టుకుని, కళ్లు గేటు మీదే ఉంచి. దాని వీపు వెనకే ఈ గోడ. గోడ వెనక సముద్రం.

గుండె ఒక్కసారి తన్నింది.

"ఎస్తేరు. గుండె వేగం పెరిగింది. ఈ పూట తరుగు రద్దు."

"అక్కా, గోడ పగులుద్ది," అంది ఎస్తేరు. "నాకు భయంగా ఉందక్కా. నా బిడ్డ కిందే ఉంది."

"భయవ్యాప్తి. మొత్తం తరుగు రద్దు. ఒక్కరి భయం ప్రమాదం కింద లెక్కకు రాదు. శాంతించండి."

"కెజియా!" అని అరిచింది ఎస్తేరు, ఆ కేక గోడ దాటి వినపడుతుందన్నట్టు.

నాంచారమ్మ చేతిలో బిళ్ల నీళ్లలో పడింది. "నా మనవళ్లు కూడా ఆ పల్లంలోనే ఉన్నారే తల్లీ," అంది. ఆమె కంఠి ఎర్రబడింది. ఆ పక్కామెది ఎర్రబడింది. సొరంగం పొడుగునా ఒకదాని తర్వాత ఒకటి ఎర్రగా అంటుకున్నాయి. ఎవరో ఏడ్చారు. ఎవరో భర్త పేరు పిలిచారు.

"పర్యవేక్షకురాలు రత్నకుమారి," అంది తూనిక. "సామూహిక అలజడి. కారణం ధ్రువీకరించండి. తిరుగుబాటా? కంఠుల లోపమా?"

తిరుగుబాటంటే తలుపులు బిగుసుకుంటాయి. లోపమంటే కంఠులన్నీ తిరిగి పచ్చబడతాయి, పని సాగుతుంది. రత్నకుమారి నిచ్చెన సగంలో నిలబడి ఉంది. అరచేత్తో మెడను మూసుకుంది. కిందనుంచి ఆడవాళ్లందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఎవరూ బతిమాలలేదు.

ఆమె చెయ్యి తీసేసింది. ఆమె కంఠి కూడా ఎర్రగానే ఉంది.

"రెండూ కాదు. భయం. వీళ్లందరికీ. నాకూ."

తూనిక ఆ జవాబును నమోదు చెయ్యలేదు. రత్నకుమారి అదే మాట మళ్లీ, ఈసారి గట్టిగా అంది. అప్పుడు అందరి భయమూ ప్రమాదం కింద లెక్కకొచ్చింది; ఎక్కడో దిగువన, గోడ కట్టాక ఊరెప్పుడూ వినని సైరన్ మొదలైంది. తలుపులు తెరుచుకున్నాయి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పైకి పరిగెత్తారు.

మధ్యాహ్నానికి గోడ అక్కడే తెగింది. సముద్రం పల్లపు వీధుల్లోకి దొర్లింది. అప్పటికే ఊరు మొత్తం తుఫాను మిట్ట ఎక్కేసింది. అరుగు మీద కూర్చున్న పిల్లను తనే చెయ్యి పట్టి లాక్కెళ్లి జనంలో కలిపానని, తర్వాత గోడ ఎక్కొచ్చిన గేటు కాపలావాడు ఒట్టేసి చెప్పాడు.

ఖైదీలు తెగని గోడ మీద తడిసిన బట్టలతో కూర్చున్నారు. ఎస్తేరు శిక్ష మొదటికొచ్చింది. మెడలోని కంఠి నుంచి తూనిక శాంతించమని చెబుతూనే ఉంది. దాని మాట ఎవరూ వినడం లేదు. ఎస్తేరు నీళ్ల అవతల మిట్ట మీద చీమల్లా కనిపిస్తున్న జనాన్ని వెతుకుతోంది.

రత్నకుమారి వచ్చి పక్కన కూర్చుంది. చేతిలో కాపలావాళ్ల దుర్భిణీ ఉంది. దాన్ని కళ్లకు పెట్టుకుంది.

"నేను చూస్తానుండు. మీ అమ్మాయి ఎట్టా ఉంటుంది?"

ఎస్తేరు మిట్ట మీంచి చూపు తిప్పి ఆమె వైపు చూసింది.

"తెలీదమ్మా," అంది. "నేను లోపలికొచ్చేటప్పుడు చంకలో ఉంది."