తోట ఇంటి శాసనం

లలితాంబ మద్రాసు చూలైలోని ఆ మేడగది మెట్లెక్కి వచ్చింది. 1954 జూలైలో ఒక శనివారం ఉదయమది. ప్రైవేటు డిటెక్టివు బాలసుందరం కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోకుండానే చేతిరుమాలు విప్పి బల్లమీద పరిచింది. అందులో గుప్పెడు టేకు పేళ్లున్నాయి.

"ఇది మా ఇంటి వయసండీ. నిన్న నేను స్కూల్లో ఉన్నప్పుడు ఎవరో ఉలితో చెక్కేసినారు," అంది.

గిండీ దాటాక వేళచ్చేరి దారిలో ఆమె పూర్వులు కట్టిన తోట ఇల్లుంది. చుట్టూ మడిచెక్కలు, వెనక పశువుల కొట్టం. ఆ భూమిని కొని, ఇల్లు పడగొట్టి ప్లాట్లు వేయడానికి టి. నగర్ వ్యాపారి ఒకడు కాచుకుని ఉన్నాడు. అన్న సూర్యనారాయణ సరేనన్నాడు. లలితాంబ ఒప్పుకోలేదు. వీధి వాకిలి దూలం మీదున్న పాత తెలుగు శాసనమే ఆమె ధైర్యం. కాలేజీ లెక్చరరు భాష్యం దాన్ని చదివి, ఇంటికి రెండువందల అరవై ఏడేళ్లని తేల్చాడు. సర్కారుకు అర్జీ కూడా ఆయనే రాసిపెట్టాడు. సోమవారం పురావస్తు శాఖ ఆఫీసరు చూడటానికి వస్తున్నాడు.

"ఎవరిమీద అనుమానం?" అన్నాడు బాలసుందరం.

ఆమె తల వంచుకుంది. "చెప్పేదానికి సిగ్గుగా ఉంది. మా అన్న మీదే. నిన్న అందరి ముందూ ఆ మాట అనేసినాను కూడా."

మధ్యాహ్నానికి డిటెక్టివు, అసిస్టెంటు రంగనాథం తోట ఇంటికి చేరారు. బాలసుందరం స్టూలెక్కి దూలాన్ని వేళ్లతో తడిమాడు. 'శాలివాహన శకం' అన్న మాట చెక్కుచెదరలేదు. ఆ పక్కన పచ్చి చెక్క బయటపడి ఉంది. దాని తర్వాత 'ప్రభవ సంవత్సరం', కట్టించినవారి పేరు పదిలంగా ఉన్నాయి. ఏ తలుపు తాళమూ పగలలేదు.

"తాళంచెవులు ఎన్ని?"

"మూడు. నాదొకటి, అన్నదొకటి. ఇంకోటి భాష్యం అన్నయ్యగారిది. ఆదివారాలు వచ్చి శాసనం గురించి రాసుకునేవారు. ఆయన గురువారమే కంచికి పోయినారు. నిన్న సాయంత్రం పోస్టాఫీసుకు పోయి తంతి కొట్టినాను."

"తంతిలో ఏమని రాశారు?"

"శాసనం పాడుచేశారు, వెంటనే రండి. అంతే."

తోట కాపలా చూసే పెరుమాళ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మడిలో ఉంటిని సామీ. నాకు తెలుంగు మాట్లాడేది వస్తాది, చదివేది రాదు. ఆడ ఏం రాసుందో నాకేం తెలుసును?"

సూర్యనారాయణ చెల్లెలి వైపు చూడకుండా జవాబిచ్చాడు. "ఇల్లు అమ్మాలన్నాను, కాదనను. కానీ ఈడ పుట్టినోణ్ణి సార్. దీన్ని ఉలితో కొడతానా?"

అంతలో గేటు దగ్గర జట్కా ఆగింది. భాష్యం సంచీ చేతపట్టుకుని దిగి, గేటు దగ్గరే నిలబడిపోయాడు. "ఎంత పని జరిగిందమ్మా! ఆ నాలుగంకెలూ పోయాక ఆఫీసరుకు ఇంకేం చూపిస్తాం?" అన్నాడు. లలితాంబకు ఏడుపు ఆగలేదు. రెండేళ్లుగా ఈ ఇంటికోసం తనతో పాటు తిరిగిన మనిషి ఆయన ఒక్కడే.

"శాసనానికి నకలుందా?" అన్నాడు బాలసుందరం.

"తీయలేదు. నేను చదివిందే ఇప్పుడు ఆధారం."

బాలసుందరం తల ఊపి లోపలికి వెళ్లాడు. హాల్లో సూర్యనారాయణ పెళ్లి ఫోటో ఉంది. ఇరవై ఏళ్ల కిందట ఈ వాకిట్లోనే తీసింది. వెనక ముద్రించిన స్టూడియో పేరు చూసి, ఫోటోను రెండు రోజులకని అడిగి తీసుకున్నాడు. ఎందుకో రంగనాథానికి అర్థం కాలేదు. కానీ ఆయన ఊరికే ఏదీ తాకడని తెలుసు.

సోమవారం ఉదయం ఆఫీసరు ఎదుట అందరినీ అరుగుమీద కూర్చోబెట్టి బాలసుందరం మొదలుపెట్టాడు.

"ఇల్లు పాతది కాదనిపించాలంటే శాసనం మొత్తం చెక్కేస్తారు. ఇక్కడ అంకెలు మాత్రమే పోయాయి. ప్రభవ మిగిలింది. ప్రభవ అరవై ఏళ్లకొకసారి వస్తుంది. అంకెలు లేకపోతే అది ఏ ప్రభవో ఎవరికి తెలుసు? చదివినాయన చెప్పిందే నమ్మాలి."

లలితాంబ ఉలిక్కిపడి భాష్యం వైపు చూసింది.

"లెక్చరరుగారూ, తంతిలో శాసనం పాడైందనే ఉంది. నాలుగంకెలే పోయాయని, దూలం దగ్గరికి రాకముందే, గేటు దగ్గర జట్కా దిగుతూనే మీకెలా తెలిసింది?"

బాలసుందరం పెద్ద ఫోటో ఒకటి ఆఫీసరు చేతికిచ్చాడు. స్టూడియోవాళ్లు దాచిన గాజు ప్లేటు నుంచి దూలం వరకే పెద్దది చేయించినదది. పెళ్లికొడుకు తలపాగా పైన తెలుగంకెలు స్పష్టంగా ఉన్నాయి: ౧౭౨౯. శకం 1729 అంటే ఇంగ్లీషు లెక్కలో 1807.

"మీరు చదివింది ౧౬౦౯, అంటే ఇంగ్లీషు లెక్కలో 1687. నూట ఇరవై ఏళ్ల తేడా," అన్నాడు.

భాష్యం ఫోటో మీంచి చూపు తిప్పుకున్నాడు. "మసి పట్టిన దూలం మీద తప్పు చదివాను. పోయిన నెల నూనె రాసి తుడిస్తే అసలు అంకెలు తేలాయి. అప్పటికే నా వ్యాసం అచ్చయింది. సన్మానానికి తేదీ పెట్టారు. ఆఫీసరు వచ్చి చదివితే పదిమందిలో... అందుకే కంచి నుంచి శుక్రవారం మధ్యాహ్నం వచ్చి పోయాను."

"నూట నలభై ఏడేళ్లు ఈ ఇంటికి చాలవా అన్నయ్యగారూ?" లలితాంబ మెల్లగా అడిగింది. "నాకు ఒక్క మాట చెప్పి ఉంటే నేనేమన్నా అనేదాన్నా? నేను మా అన్నను దొంగని చేసి నిలబెడుతుంటే చూస్తూ ఊరుకున్నారే!"

ఆయన తాళంచెవి అరుగుమీద పెట్టి, తల దించుకుని గేటు దాటాడు.

ఆఫీసరు ఫోటోను ఫైల్లో పెట్టుకున్నాడు. ఈ ప్లేటు ఆధారంతో, ఇంటిని కాపాడవలసిన కట్టడంగా సిఫారసు చేస్తానన్నాడు. ఉలి దెబ్బ సంగతి కూడా రాయక తప్పదన్నాడు.

అందరూ లేచారు. సూర్యనారాయణ చెప్పులు తొడుక్కున్నాడు.

"అన్నా," అంది లలితాంబ.

"అమ్మాలని ఇప్పటికీ అంటాను లలితా, నీ మొహం మీదే అంటాను. నువ్వు లేనప్పుడు వచ్చి చేస్తానని ఎట్లనుకున్నావు?"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"తిని పో," అంది చివరికి.

సూర్యనారాయణ గేటు వైపు ఒకసారి చూశాడు. తర్వాత చెప్పులు విప్పి లోపలికి నడిచాడు.