కూర్మ కింద నిమ్మకాయ

తెనాలి స్టేషన్ ప్లాట్‌ఫారం మీద పాండురంగారావు టీ గ్లాసు పెదవుల దాకా తీసుకెళ్ళాడు గానీ తాగలేదు. వెనకనుంచి ఎవరో తగిలి, "సారీ అండి" అని జనంలో కలిసిపోయారు. మెడ మీద చీమ కుట్టినంత ఎర్రచుక్క. శాలేమురాజు పరుగెత్తుకొచ్చి పట్టుకునేసరికే ఆ పెద్దమనిషి కాళ్ళు చచ్చుబడ్డాయి.

"ఇస్సాకుని... బండి ఎక్కనివ్వకండి," అన్నాడు. అంతే, ప్రాణం పోయింది.

శాలేమురాజు అంగలకుదురులో అందరికీ మెడికల్ రిప్రజెంటేటివ్‌. చేసేది మాత్రం గూఢచారి ఉద్యోగం. పాండురంగారావు 'కూర్మ' చీఫ్ డిజైనర్. కూర్మ అంటే ట్రాక్‌ల మీద నడిచే యుద్ధ వాహనం. సైనికుల్ని కడుపులో పెట్టుకుని బురదలో పరుగెత్తాలి, కాలవలో ఈదాలి, గన్నుతో దారి చేసుకోవాలి. మొదటి నమూనా రేపల్లె దగ్గర దమ్ము చేసిన పొలంలో పొట్టదాకా దిగబడి నవ్వులపాలైంది. పాండురంగారావు ట్రాక్‌లు వెడల్పు చేశాడు, బరువు తగ్గించాడు, సస్పెన్షన్ మొత్తం విప్పి మళ్ళీ కట్టాడు. ఏళ్ళ తరబడి ఇంటి మొహం చూడలేదు. తీరా అది ఈదే రోజు వచ్చేసరికి చూడటానికి ఆయన లేడు. 

ఇక ఇస్సాకు ఆ బండికి టెస్ట్ డ్రైవర్. శాలేమురాజు చెల్లెలు రూబీ భర్త.

ఫోన్‌లో గూఢచారి శాఖ చీఫ్ సామ్రాజ్యం గొంతు పొడిగా ఉంది. "రేపు బాపట్లలో ట్రయల్. ఫెయిలైతే ఆర్డరు విదేశీ కంపెనీకి పోతుంది. వాళ్ళ ముఠా దిగింది. రేపల్లె వెళ్ళి ఉషశ్రీని కలుసుకో."

"డ్రైవర్‌ని మార్చండి మేడమ్."

"ఆ బండిని నీళ్ళలోకి దింపగలిగినవాడు అతనొక్కడే. నీకు బావ అవుతాడని తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నా."

ఉషశ్రీ కూర్మ తయారైన ల్యాబ్‌లో ప్రోటోకాల్ ఆఫీసర్. ముఠాలో చేరినట్టు నటిస్తూ చీఫ్‌కి కబుర్లు చేరవేసే మనిషి. రేపల్లె బస్టాండులో నల్లకళ్ళద్దాలు, మంగళగిరి చీరతో నిలబడి ఉంటే కండక్టర్లు టిక్కెట్లు కొట్టడం మానేసి చూస్తున్నారు.

"నిజాంపట్నం బస్సు ఇదేనాండి?" అడిగాడు శాలేమురాజు.

"ఇదే. వెళ్తుంది గానీ తిరిగి రాదు." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "బాంబు డీజిల్ ట్యాంకర్‌లో పెడుతున్నారు రాజు గారూ. మిగతావాటితో టైం వేస్ట్ చేసుకోకండి."

శాలేమురాజు నమ్మాడు.

మర్నాడు బాపట్ల తీరంలో డీజిల్ ట్యాంకర్‌ని అణువణువూ గాలించారు. ఏమీ దొరకలేదు. శాలేమురాజు దగ్గరున్న పెన్ను రాసేది కాదు, పేలుడు పదార్థం దగ్గరికొస్తే వణికేది. అది కదల్లేదు. గేటు దగ్గర సెంట్రీ బ్రిగేడియర్ టిఫిన్ క్యారియర్ కూడా విప్పించాడు. ఉషశ్రీ చేతిలో పూజ బుట్ట చూడగానే మాత్రం కళ్ళకద్దుకుని లోపలికి పంపాడు. శాలేమురాజు పక్కనే ఉన్నాడు. లూథరన్ క్రైస్తవుణ్ణి, వాళ్ళ దేవుడి బుట్టలో పెన్ను పెడితే ఏం బాగుంటుందని మర్యాదకి దూరంగా జరిగాడు.

కూర్మకి పసుపు కుంకుమలు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. ట్రాక్‌ల కింద చెరో నిమ్మకాయ ఉషశ్రీయే స్వయంగా పెట్టింది. ఎనిమిదిమంది జవాన్లు వెనక ఎక్కారు. ఇస్సాకు ముందు ఎడమవైపు తన సీట్లోకి దిగి మూత వేసుకున్నాడు. ఇంజన్ గర్జించింది.

నిమ్మకాయ నలిగేదాకా అక్కణ్ణుంచి ఎవరూ కదలరు. బ్రిగేడియర్‌తో సహా అందరూ మెడలు సాచి చూస్తున్నారు. పెట్టిన మనిషి ఒక్కతే చెప్పులు చేత్తో పట్టుకుని గబగబా కారువైపు నడుస్తోంది.

ఇస్సాకుని ఎక్కనివ్వొద్దన్న పెద్దమనిషి మాట అనుమానం కాదని, హెచ్చరికని శాలేమురాజుకి అప్పుడు అర్థమైంది. వైర్‌లెస్ నొక్కాడు. గరగర తప్ప మాట లేదు. జామ్ చేసేశారు. బురదలో పడి పరుగెత్తాడు.

గేరు వేసేముందు ఇస్సాకు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తాడు. రూబీ, పిల్లలు, పాస్టరు గారి మోకాలినొప్పి, అన్నీ అందులో వస్తాయి. "నీ ప్రార్థన అయ్యేలోపు యుద్ధం అయిపోద్ది బావా," అని శాలేమురాజు ఎన్నిసార్లు ఎగతాళి చేశాడో. ఇవాళ మాత్రం ప్రభువా, ఇంకాస్త పొడిగించు అనుకున్నాడు.

ఇస్సాకు కూర్చున్న ఎడమవైపు ట్రాక్ ముందు బోర్లా పడ్డాడు. జేబులో పెన్ను గిలగిల్లాడింది. ఆమె చేత్తో మోసుకొచ్చింది కాబట్టి ఎత్తితే పేలదు, నలిగినా గట్టిగా తగిలినా పేలుతుంది. నిమ్మకాయని మెల్లిగా లాగాడు. అప్పుడే ట్రాక్‌లు కదిలాయి. కుడివైపు నిమ్మకాయ నలిగి రసమే కారింది. చిటికెన వేలు ఎడమ ట్రాక్ కింద ఉండిపోయింది. రెండో చేత్తో నిమ్మకాయని కాలవలోకి విసిరాడు. నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచాయి.

ఇస్సాకు బ్రేకు వేసి మూత తీశాడు. "ఏంటి బావా, నువ్విక్కడ... నీ చెయ్యేంటి అలా ఉంది?"

జవాబు చెప్పేలోపు రోడ్డు వైపు మరో పేలుడు. ఉషశ్రీ కారు మంటల్లో ఉంది. పని అయ్యాక ముఠా సాక్షుల్ని మిగల్చదు. ఆమె టైరు కింద కూడా ఎవరో నిమ్మకాయ పెట్టారు. ఆమె కిందకి చూసుకోలేదు.

మధ్యాహ్నం కూర్మ కాలవ ఈది అవతలి గట్టెక్కింది. చప్పట్లు కొట్టాలని ఎవరికీ అనిపించలేదు.

చీఫ్ ఫోన్ చేసింది. "కట్టు కట్టారా? ముందు ఏదన్నా తిను. క్యాంటీన్‌లో ఏముంది?"

శాలేమురాజు ఎదురుగా ఉన్న రెండు ప్లేట్లూ చూశాడు. అవతల ఇస్సాకు కళ్ళు మూసుకుని పాండురంగారావు ఇంటివాళ్ళ కోసం ప్రార్థిస్తున్నాడు. అది ఇప్పట్లో అయ్యేలా లేదు. శాలేమురాజు ఈసారి తొందరపెట్టకుండా తన ప్లేటు పక్కకి జరిపాడు.

"నిమ్మకాయ పులిహోర మేడమ్," అన్నాడు. "ఇవాళ్టికి పస్తుంటాను లెండి."