మెత్తబడ్డ కాయ

ఆదివారం పొద్దున్న ఆ వంటింట్లో తీసింది ఒక్క మూతే. పది నిమిషాల్లో పగిలినవి మాత్రం రెండు మూతులు!

మూత తీసింది చిన్నకోడలు. ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంటమనిషి. అత్తగారు పోయేముందు ఉప్పునీళ్లలో ఊరవేసిన కీరదోసకాయల చివరి సీసా అది. లేత్ మిషన్ మీద పనిచేసే పెద్దకొడుకు దాన్ని అమ్మ ఫొటో పక్కన పెట్టి, ఎనిమిది నెలలుగా రోజూ తుడిచేవాడు. ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. ఊరిన కాయ ఊరికే ఉండదని అతనికెవరు చెప్పాలి?

ఆ పొద్దున్న అతను స్నానం చేసి వచ్చేసరికి ఫొటో పక్కన సీసా లేదు. పొయ్యి మీద బంగాళాదుంపల సూపు కుతకుతలాడుతోంది.

"అమ్మ సీసా ఏదీ?"

"సూపులో వేశాను బావగారూ. ఎందుకంటే..."

"మా అమ్మని ఉడకబెట్టావా!"

పెద్దకొడుకు విసురుకి కూరలు తరిగే చెక్క గాల్లోకి లేచింది. పింగాణీ పళ్లేల దొంతర భళ్లుమంది.

"అన్నయ్యా, మాట జాగ్రత్త!" అంటూ చిన్నకొడుకు అడ్డొచ్చాడు. ఇనుముతో పనిచేసే పిడికిలి అతని దవడ మీద దిగింది. తమ్ముడూ తక్కువ తినలేదు, తలతో కుమ్మాడు. అన్న పెదవి చిట్లింది. ఇద్దరూ బల్లతో సహా కూలారు. పింగాణీ పెంకులు మోచేతుల్లో దిగాయి.

"అమ్మ ఉన్నన్నాళ్లూ వంటింటి గడప తొక్కావా? ఇప్పుడు సీసాకి కాపలానా?" రక్తం ఉమ్ముతూ అరిచాడు తమ్ముడు.

అన్న చెయ్యి అతని గొంతు మీద పడింది. బిగిసింది. తమ్ముడి మొహం కందగడ్డయింది.

"వదలండి! చచ్చిపోతాడు!" కోడలు బావగారి వీపు మీద పిడికిళ్లతో గుద్దింది.

అప్పుడు వినబడింది, 'జుర్ర్'మని ఓ చప్పుడు.

భార్య పోయాక నాలుగు ముద్దలకు మించి తినని, నాలుగు మాటలకు మించి మాట్లాడని తండ్రి పొయ్యి దగ్గర నిలబడి, గరిటెతోనే సూపు జుర్రుతున్నాడు.

"ఇంకో గరిటె ముంచుకుంటానమ్మా. మనిషి పోయినా దాని చేతి పులుపు చావలేదు."

పెద్దకొడుకు పట్టు సడలింది.

"కాయలు మెత్తబడ్డాయి కదూ?" తండ్రి అడిగాడు.

"అవును మామయ్యా. నొక్కితే వేలు దిగిపోయింది. ఇంకో వారముంటే పారబొయ్యాల్సిందే. ముందే చెబుదామంటే, సీసా మాటెత్తితే బావగారు కరుస్తారు."

"గట్టి కాయ పళ్లెంలోకి, మెత్తబడ్డది సూపులోకి. నలభై ఏళ్లు మీ అమ్మ చేసిందదేరా. వంటింట్లోకి వచ్చినవాళ్లకి తెలుసు. రానివాడివి, నీకెలా తెలుస్తుంది?"

కోడలు కిటికీ దగ్గర్నుంచి సీసా తెచ్చింది. అవే ఉప్పునీళ్లు, అందులో పచ్చటి కొత్త కాయలు.

"నీళ్లు అత్తయ్యవే బావగారూ. చుక్క పారబొయ్యలేదు."

పెద్దకొడుకు తమ్ముడి మెడ వంక చూశాడు. తన అయిదు వేళ్లూ అచ్చుపడి ఉన్నాయి. ఆ అచ్చుల మీద చెయ్యి వేశాడు. "ఒరేయ్..." అన్నాడు.

"ముందు సూపు తాగు," అన్నాడు తమ్ముడు బొంగురుగా.

తాగాడు. చిట్లిన పెదవికి పులుపు తగిలింది. కళ్లు ధారకట్టాయి. పెదవి మంటకేనన్నాడు. కాసేపటికి కత్తిపీట వైపు చెయ్యి చూపించి, "ఆ కాయలు ఎలా తరగాలో నాకూ నేర్పమ్మా," అన్నాడు.

తండ్రి గరిటె దించాడు. "నేర్పమ్మా, నేర్పు. వీడూ మెత్తబడ్డాడు. ఇక వంటకి పనికొస్తాడు."